మిరపకాయ లేని దిష్టి

వేటపాలెం,
11 జనవరి 1998

అక్కయ్యకు నమస్కారం.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బావ మోకాలు ఎలా ఉందో పోయిన ఉత్తరంలో నువ్వు రాయలేదు. రాయకపోతే తగ్గిందనుకోవాలో, పెరిగిందనుకోవాలో మాకు తెలియదు కదా.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, మీ వీధి చివర ఎస్.టి.డి. బూత్ మన కాబోయే వియ్యంకుడు యలమందయ్య గారి మేనల్లుడిది. నీకు ఫోన్ వస్తే అతనే పిలుచుకొస్తాడు, నువ్వు మాట్లాడినంతసేపూ పక్కనే నిలబడతాడు. ఈ సంగతి అతని చెవిన పడకూడదు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పడెయ్యి.

నిన్న యలమందయ్య గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కవరు కూడా కాదు, కార్డు. మే నెలలో పెళ్ళి నాటికి ఇంటి మీది అటకను గదిగా మార్పిస్తున్నామనీ, వాళ్ళ త్రినాథ్, మన అఖిల అందులో ఉంటారనీ రాశాడు. తాంబూలాలు పుచ్చుకున్న రోజు ఈ మాట ఎవరూ అనలేదు. పెద్ద కొడుకు కుటుంబం ఒక గదిలో, ఆయనా భార్యా ఇంకో గదిలో ఉంటున్నారు కాబట్టి హాలుకి అడ్డగోడ కట్టి ఇస్తారేమో అనుకున్నాను.

ఆ అటక మీద ఏముండేదో నీకు నేను చెప్పాలా? వాళ్ళ గోడ పక్కనే ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నావు. ధర రాని ప్రతి ఏడూ మిరపకాయలు అక్కడే పోసేవాళ్ళు. అఖిల సంగతీ నీకు తెలుసు. పోయిన సంబంధాల వాళ్ళని వదిలేస్తే, దాని ఉబ్బసం సంగతి తెలిసింది నీకూ, నాకూ, మీ మరదలికీ, చీరాల డాక్టరుకీ మాత్రమే. మా ఫ్యాక్టరీలో జీడిగింజలు కాల్చే రోజేదో ముందే కనుక్కుని, పొద్దున్నే దాన్ని గ్రంథాలయానికి పంపించి, పొగ తగ్గాక ఇంటికి రమ్మని చెప్పి, పన్నెండేళ్ళుగా నెట్టుకొస్తున్నాను. అలాంటి పిల్ల మిరపకాయల అటక మీద ఒక్క వారం బతకగలదా?

ఇంకో అనుమానం కూడా ఉంది. కొత్త కోడల్ని ఎవరైనా అటకెక్కిస్తారా? వాళ్ళు కింద ఎవరికీ కనపడకూడదని దాచేది ఏదో ఉంది. నువ్వెళ్ళి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. నీకు నచ్చింది రాయకు.

తమ్ముడు
వెంకటనారాయణ

---

నల్లపాడు,
19 జనవరి 1998

తమ్ముడికి అక్క దీవెనలు.

మీ బావ మోకాలు తగ్గింది, నోరు పెరిగింది. నువ్వు పంపిన జీడిపప్పు అందింది. అన్నీ ముక్కలే, ఒక్కటైనా నిండు పప్పు లేదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉంటూ తోడబుట్టినదానికి ముక్కలు పంపే మనిషిని నిన్నే చూశాను.

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. మా ఇంట్లో ఇప్పుడు గ్యాసు. బియ్యం డబ్బాలో పెట్టాను.

అటక పని పోయిన సోమవారమే మొదలైంది. నలుగురు ఆడవాళ్ళు ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకుని ముప్ఫై ఏళ్ళ తాలుకాయలూ, తొడిమలూ, గింజలూ గోతాలకెత్తి దింపారు. ఆ రోజంతా మా గేదె కూడా చీదుతూనే ఉంది. తర్వాత పీరు మేస్త్రి వచ్చి అటక చెక్కలన్నీ ఊడదీశాడు. కడిగితే పోదుట ఘాటు, చెక్కలోకి దిగిపోయిందిట. పాత చెక్కల్ని మా వెనక వీధి జక్రయ్య పశువుల పాకకని పట్టుకెళ్ళాడు. వాళ్ళావిడ ఒక ముక్క చితక్కొట్టి పొయ్యిలో పెట్టింది. ఇంక చూస్కో, వీధి మొత్తం దగ్గుకుంటూ రోడ్డు మీదికొచ్చింది. ప్రార్థనకొచ్చిన పాస్టరు గారు ప్రార్థన సగంలో వదిలేసి మంచినీళ్ళడిగారుట.

కొత్త చెక్కలు దిగాయి. పక్క గోడలు రెండడుగులు లేపి, పెంకులు దించి మళ్ళీ నేస్తున్నారు. వెలుగుకి నాలుగు గాజు పెంకులు పెడతారుట. యలమందయ్య గారు కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నిన్న నేను గోడ మీంచి వింటుండగానే అన్నాడు: "పీరూ, దూలం సందులో ఒక్క గింజ మిగిలినా పనంతా మళ్ళీ చేయిస్తా. నా సంగతి నీకు తెలుసుగా."

అంత శుభ్రంగా చేయిస్తున్నారు. దాచేదేదో ఉందని నువ్వంటున్నావు. దాస్తున్నది మనం కూడా కాదుట్రా? నా మాట విని అఖిల సంగతి పెళ్ళికి ముందే చెప్పేద్దాం. నువ్వు దాని మీద నా చేత ఒట్టు వేయించుకున్నావు కాబట్టి నోరు మూసుకున్నాను, లేకపోతే ఎప్పుడో చెప్పేదాన్ని.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క
వెంకటేశ్వరమ్మ

---

వేటపాలెం,
2 ఫిబ్రవరి 1998

అక్కయ్యా,

చెప్పేద్దాం అని ఇంకోసారి రాయకు. ఒంగోలు సంబంధం వాళ్ళకి చెప్పాం. "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామండీ" అని మర్యాదగా లేచి వెళ్ళారు, ఆ ఉత్తరం ఇప్పటికీ రాలేదు. బాపట్ల వాళ్ళకి చెప్పలేదు, ఎవరో చెప్పారు. వాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు మర్యాద కూడా లేదు. ఆ రోజు అఖిల పట్టుచీర విప్పి, మడత పెట్టి, పుస్తకం తీసుకుని గ్రంథాలయానికి వెళ్ళిపోయింది. నాకు ఇప్పటికీ ఆ మడత పెట్టడమే గుర్తొస్తుంది. దానికి ఇరవై నాలుగు నిండాయి. ఇది మూడో సంబంధం. ఇది కూడా పోతే దాని ముఖం నేను చూడలేను.

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. కొడుక్కి పెళ్ళి చేసేవాడు మంచం కొంటాడు, బీరువా కొంటాడు. అటక చెక్కలు మార్చేవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఒక్క గింజ మిగలకూడదని పొద్దస్తమానం కాపలా కూర్చోవడమేమిటి? మిరపకాయల మీద బతికిన మనిషికి మిరపగింజ మీద అంత కోపం దేనికి? అఖిల సంగతి వాళ్ళకి తెలిసిపోయిందా? తెలిసి, పెళ్ళయ్యాక ఏదో మెలిక పెడదామని ఊరుకున్నారా? నువ్వు ఎక్కడా నోరు జారలేదు కదా?

గది మాన్పిద్దామని నా ప్రయత్నం నేను చేశాను. వాస్తుకి మంచిది కాదని రాస్తే, వాస్తు చూపించామని జవాబు. ఎండాకాలం పెంకుల కింద మనుషులుండలేరని రాస్తే, తాటాకు చాపలు పరిచి కింద థర్మోకోల్ సీలింగ్ వేయిస్తున్నామని జవాబు. పిల్లకి మెట్లెక్కడం అలవాటు లేదని రాశాను. దానికి ఆయన, "అమ్మాయికి మెట్లెక్కితే ఇబ్బందా బావగారూ? మీకు ఈ గది మీద ఇన్ని సందేహాలెందుకు?" అని రాశాడు. ఆ తర్వాత ఇంక ఏమీ రాయలేదు.

మెట్లు ఎటు నుంచి వస్తున్నాయి, తలుపు గొళ్ళెం లోపల పెడుతున్నారా బయట పెడుతున్నారా చూసి రాయి. బయట గొళ్ళెమైతే నాకు వెంటనే తెలియాలి.

ఈ ఉత్తరమైనా పొయ్యిలో వెయ్యి. గ్యాసు పొయ్యిలో కూడా కాగితం కాలుతుంది.

వెంకటనారాయణ

---

నల్లపాడు,
20 ఫిబ్రవరి 1998

ఒరేయ్ తమ్ముడూ,

గొళ్ళెం లోపలే ఉంది. ఒకటి కాదు, రెండు. నీకు నిద్ర పట్టాలని ముందే రాస్తున్నాను.

మెట్లు ఇంటి బయట నుంచి, మా సందు వైపున వస్తున్నాయి. లోపలి నిచ్చెన తీసేసి ఆ కంత చెక్కలతో మూసేశారు, వంటింటి పొగ పైకి రాకుండా. పీరు మేస్త్రి మజ్జిగకని మా అరుగు మీద కూర్చున్నప్పుడు కదిపాను. "మామూలుగా మెట్టు ఏడంగుళాలు పెడతామమ్మా. ఈ ఇంట్లో అయిదున్నరే పెట్టమన్నారు. పదిహేడు మెట్లు అయిపోవాల్సింది ఇరవయ్యొకటయినయ్. ముసలోళ్ళెవరూ పైకెక్కరు కదయ్యా అంటే, నీకు చెప్పింది చెయ్యి అన్నాడు పెద్దాయన" అన్నాడు.

పదకొండో మెట్టు దగ్గర చిన్న చప్టా వచ్చింది. అది త్రినాథ్ చెప్పి పెట్టించాడుట. ఇద్దరు కూర్చోవచ్చు. గది లోపల మంచం వచ్చే చోట గోడకి గూడు ఒకటి పెడుతుంటే, అటొకటి ఇటొకటి రెండు కావాలన్నాడుట. చెయ్యి చాపితే అందే ఎత్తులో.

దక్షిణం వైపు కిటికీ పెడితే గాలి బాగా వస్తుంది. కానీ అటు మిరపకాయలు ఎండబోసే కల్లం ఉంది. అందుకని కిటికీలు ఉత్తరం వైపు పెట్టారు. ఆ కల్లం కూడా ఈ ఏడు ఖాళీయే. కాయలు పొలంలోనే ఎండబెట్టి అట్నుంచటే కోల్డ్ స్టోరేజీకి పంపేశారు, ఇంటికి ఒక్క బస్తా రాలేదు. వినడానికి నీకు హాయిగా ఉండాలే. అఖిలకి ఇంతకంటే ఏం కావాలి?

యలమందయ్య గారి భార్య అంకమ్మ వదిన మొన్న గోడ దగ్గరికొచ్చి, "మీ తమ్ముడు గారు గది గురించి అన్ని ప్రశ్నలేస్తారేంటి వదినా, పిల్లకేమన్నా ఉందా?" అని అడిగింది. మా తమ్ముడు చిన్నప్పట్నుంచీ అంతే, వడ్డించిన అన్నంలో రాళ్ళేరుకునే రకం అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు పూర్తి నవ్వు కాదు.

నేను చూసిందంతా రాశాను. వాళ్ళు మంచివాళ్ళు. ఇంక నన్ను గోడెక్కించకు, నాకు యాభై ఎనిమిదేళ్ళు.

అక్క

---

వేటపాలెం,
9 మార్చి 1998

అక్కయ్యకు,

నువ్వు రాసిన వివరాలకి నాకు హాయిగా ఉండాలన్నావు. లేదు.

అయిదున్నర అంగుళాల మెట్లు ఎవరికోసం? ఆ ఇంట్లో మెట్లెక్కలేని మనిషి ఒకరున్నారు. ముసలివాళ్ళు పైకెక్కరని మేస్త్రే అన్నాడు. అయితే మిగిలింది ఎవరు? సగం దూరంలో కూర్చోవడానికి చప్టా ఎందుకు? పాతికేళ్ళు దాటని కుర్రాడు, గుంటూరులో కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే కుర్రాడు, ఇరవై మెట్లు ఎక్కడానికి మధ్యలో కూర్చుంటాడా? మంచానికి అటొక గూడు, ఇటొక గూడు ఎందుకు? సీసాలు పెట్టుకోవడానికే అలా చేతికందేట్టు గూళ్ళు కట్టించుకుంటారు.

రాయాలా వద్దా అని నెల నుంచి ఆలోచిస్తున్న సంగతి ఒకటి ఇప్పుడు రాస్తున్నాను. మా ఇంట్లో తాంబూలాల రోజు మేం వద్దన్నా వినకుండా పంతులు సాంబ్రాణి వేశాడు. నేను అఖిల వైపు చూశాను. అది ఏదో పని ఉన్నట్టు లేచి పెరట్లోకి వెళ్ళింది, తెలివైన పిల్ల. అదే నిమిషంలో త్రినాథ్ కూడా లేచి వీధిలోకి వెళ్ళాడు. పావుగంట రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు అర్థమైంది, సిగరెట్ కోసం వెళ్ళాడు. వాడు రాత్రీపగలూ సిగరెట్లు తాగేవాడైతే, కిటికీలు ఒక వైపే ఉన్న ఆ గదిలో నా కూతురి గతేమిటి?

నువ్వు పక్కింట్లో ఉండి ఇది చూడలేదంటే నమ్మలేను. ఈ సంబంధం తెచ్చినదానివి నువ్వే. ఏది అడిగినా వాళ్ళు మంచివాళ్ళు అంటున్నావు. వాళ్ళకీ మీకూ సందు గురించి పదేళ్ళ నుంచి ఉన్న తగాదా ఈ మధ్యే తీరిపోయిందని పోయిన వారం మా చీరాల బంధువొకాయన చెప్పాడు. ఏమిచ్చి తీర్చుకున్నారక్కా? నా కూతుర్నా?

వెంకటనారాయణ

---

నల్లపాడు,
30 మార్చి 1998

వెంకటనారాయణకు,

నీ ఉత్తరం వచ్చి పదహారు రోజులైంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. మీ బావ రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను.

సందు తగాదా తీరింది నిజమే. ఎలా తీరిందో నీ బంధువు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఎత్తు తక్కువ మెట్లు కట్టాలంటే మెట్లు ఎక్కువవుతాయి, మెట్లు ఎక్కువైతే కింద చోటు ఎక్కువ కావాలి. వాళ్ళ స్థలంలో మూడడుగులు చాల్లేదు. నేనే పిలిచి మా సందులోంచి ఇచ్చాను. పదేళ్ళు మీ బావ అడుగు కూడా వదలనన్న సందు అది. ఇప్పుడు మా గేదె పక్కకి తిరిగి నడుస్తోంది. తగాదా అలా తీరింది.

త్రినాథ్ సిగరెట్ తాగడు. తాగలేడు.

ఏప్రిల్ పదో తారీకు శుక్రవారం కొత్త గదిలో పాలు పొంగిస్తున్నారు. నిన్ను పిలుస్తూ కార్డు వేశారు. వచ్చి నీ కళ్ళతో నువ్వే చూసుకో. మా ఇంట్లో భోజనం చేస్తే చెయ్యి, లేకపోతే నీ ఇష్టం.

వెంకటేశ్వరమ్మ

---

వేటపాలెం,
13 ఏప్రిల్ 1998

అక్కయ్యకు,

సందు గురించి అన్న మాట తప్పే. మీ ఇంట్లో భోజనం చేస్తూ చెబుదామనుకున్నాను, నువ్వు నా వైపు చూడకుండా వడ్డించావు. బావ ఎదురుగా చెప్పలేకపోయాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావేవీ తీసుకోవడం లేదు.

గది బాగుంది, కాదనను. మూలల్లో ముక్కు పెట్టి చూశాను, మిరపకాయ ఘాటు ఎక్కడా లేదు. సున్నం, కొత్త చెక్క వాసన తప్ప ఏమీ లేదు. గాజు పెంకుల్లోంచి వెలుగు నేల మీద నాలుగు పలకలుగా పడుతోంది. దిగేటప్పుడు ఆ చప్టా మీద కూర్చుని కూడా చూశాను. దాని ఉపయోగమేమిటో నాకు తెలియలేదు.

అయితే నువ్వు గమనించావో లేదో, పాలు పొంగాక అంకమ్మ గారు గడప దగ్గర దిష్టి తీసింది. ఉప్పు తిప్పింది. నిమ్మకాయ తిప్పింది. ఎర్రనీళ్ళు తిప్పి పారబోసింది. మిరపకాయలు తిప్పలేదు. నిప్పులు తేలేదు. "మిరపకాయలు మరిచిపోయినట్టున్నారమ్మా" అని నేనే అన్నాను. "మా ఇంట్లో ఆ అలవాటు లేదండీ అన్నయ్యగారూ" అని తల దించుకుంది. పక్కనున్న యలమందయ్య గారు వెంటనే భోజనాల మాట ఎత్తాడు.

గుంటూరు జిల్లాలో, మిరప రైతు ఇంట్లో, మిరపకాయ లేకుండా దిష్టి తీసే అలవాటు ఎక్కడైనా ఉందా? దిష్టి ఉందో లేదో తెలిసేదే మిరపకాయల వల్ల. నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఆ పరీక్షకి వాళ్ళు భయపడుతున్నారు. ఆ గదిలోనో, ఆ కుర్రాడిలోనో ఏదో ఉంది. చెక్కలు మార్చడం, మెట్లు తగ్గించడం, గూళ్ళు, చప్టా, ఇప్పుడు ఇది. ఇన్ని అబద్ధాల ఇంటికి నేను పిల్లనివ్వను.

నేను కూడా దాచానంటావు. ఆడపిల్ల తండ్రి దాచడం వేరు. వాళ్ళు దాచడం వేరు.

ఈ నెల 26, ఆదివారం వస్తాను. తాంబూలాలు తిరిగి ఇచ్చేస్తాను. అఖిలకి ఇంకా చెప్పలేదు. ఈలోగా నీకేమైనా తెలిస్తే ఇప్పుడైనా చెప్పు.

తమ్ముడు
వెంకటనారాయణ

---

నల్లపాడు,
17 ఏప్రిల్ 1998

ఒరేయ్,

ఇది కూర్చుని చదువు. మరదల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నిన్నొకటి అడుగుతాను. మీ ఇంట్లో దిష్టికి మిరపకాయలు కాల్చి ఎన్నేళ్ళయింది? నేను చెబుతాను. పన్నెండేళ్ళు. అఖిలకి మొదటిసారి ఆయాసం వచ్చి చీరాల తీసుకెళ్ళిన ఏడు నుంచి మరదలు ఉప్పూ ఎర్రనీళ్ళతోనే తీస్తోంది. మీ కొత్త వాకిలి పెట్టిన రోజు మా ఆయన మిరపకాయలేవీ అంటే, "మా ఇంట్లో ఆ అలవాటు లేదన్నయ్యా" అంది. అక్షరం తేడా లేకుండా అదే మాట. ఆ రోజు నువ్వు పక్కనుండి ఏం చేశావో గుర్తుందా? భోజనాల మాట ఎత్తావు.

ఇప్పటికైనా అర్థమైందా? త్రినాథ్‌కి ఆరో ఏటి నుంచి ఉబ్బసం ఉంది.

నాకు మొదట్నుంచీ తెలుసు. గోడ ఇవతల నాకు వాడి ఊపిరి వినిపించేది. అంకమ్మ వదిన వాణ్ణి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని వీపు రాస్తుంటే మా అరుగు మీద నేనూ కూర్చునేదాన్ని. కింద వంటింటి పొగ, వాకిట్లో కల్లం దుమ్ము. వీటికి అందకుండా పైన ఉంచితే బతుకుతాడని డాక్టరు చెప్పాడు. పెద్దకొడుకు పిల్లలతో కింద చోటెలాగూ లేదు. అందుకని యలమందయ్య గారు ముప్ఫై ఏళ్ళ మిరపకాయల గదిని ఎముకలతో సహా మార్చాడు. ఒక్క గింజ కోసం కాపలా కూర్చున్నది అందుకు. పిల్ల తరపు వాళ్ళకి తెలిస్తే సంబంధం పోతుందని అంకమ్మ వదిన నా చేత పసుపు కుంకుమల మీద ఒట్టు వేయించుకుంది. నువ్వు అఖిల మీద వేయించుకున్నావు. రెండు ఒట్లు నెత్తిన పెట్టుకుని నాలుగు నెలలు గోడకి అటూ ఇటూ తిరిగాను. వాళ్ళ ఒట్టు ఇవాళ నేను తప్పాను. ఆ పాపమేదో నాకే తగలనీ.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఏమనేవాడివో నాకు తెలుసు. "ఉబ్బసం ఉన్నవాడికి నా కూతుర్నిస్తానా" అనేవాడివి. ఒంగోలు వాళ్ళు మన పిల్లకి చేసిందే నువ్వు ఇంకొకరి పిల్లాడికి చేసేవాడివి. కాదని నీ గుండె మీద చెయ్యి వేసుకుని రాయి.

వెతికి వెతికి ఈ సంబంధం తెచ్చాను. ఈ రెండు జిల్లాల్లో ఏ ఇంటికి పంపినా దానికి మిరపకాయో, పత్తి దుమ్మో, పొగాకో తప్పదు. దానికి ఆయాసం వస్తే కంగారు పడకుండా ఏం చెయ్యాలో తెలిసిన ఇల్లు ఇదొక్కటే నాకు కనపడింది. ఆ గది త్రినాథ్ కోసమే కట్టారు, అఖిల సంగతి వాళ్ళకి తెలియదు. అయినా ఆ గదిలో మన పిల్ల ఊపిరి పీల్చుకోగలదు. మూడడుగుల సందు నేనిచ్చింది ఆ గదికి.

తాంబూలాలు తిరిగిచ్చేస్తావో, ఆ ఇంటి వాళ్ళ ముందు కూర్చుని నీ పిల్ల సంగతి చెబుతావో నీ ఇష్టం. నేను చెప్పను. నాకు అలుపొచ్చింది.

అక్క
వెంకటేశ్వరమ్మ

---

వేటపాలెం,
22 ఏప్రిల్ 1998

అక్కయ్యకు నమస్కారం.

గుండె మీద చెయ్యి వేసుకోమన్నావు. వేసుకున్నాను. అనేవాణ్ణే. నీ ఉత్తరం చదివిన మొదటి గంట అదే అన్నాను కూడా, మీ మరదలితో, గట్టిగా. "మనకే ఒకటి ఉంటే ఇంకొకటి కూడానా" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళ నుంచి తను ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ గడప దగ్గర నిలబడినప్పుడు మాత్రం అది నాకు గుర్తు రాలేదు. ఎందుకు రాలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. సిగ్గుగా ఉందక్కా.

సాయంత్రం చూస్తే నీ ఉత్తరం అఖిల చేతిలో ఉంది. నేనివ్వలేదు. చదవడం అయిపోయింది. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది.

"నాన్నా, సాంబ్రాణి వేసిన రోజు ఆయన వీధిలోంచి మన ఇంటి పక్క సందులోకి వచ్చారు. నేను పెరట్లోంచి సందులోకి వెళ్ళాను. నీళ్ళతొట్టి దగ్గర ఇన్‌హేలర్ పీలుస్తున్నారు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. సిగ్గనుకున్నారు ముందు. తర్వాత నా ఊపిరి విని, ఇన్‌హేలర్‌ని జేబురుమాలుతో తుడిచి నాకిచ్చారు. నా గుప్పిట విప్పి నాది చూపించాను" అంది.

అప్పట్నుంచీ ఇద్దరికీ తెలుసక్కా. ఒకరి సంగతి ఒకరు ఇంట్లో చెప్పకూడదనుకున్నారుట. చెబితే పెద్దవాళ్ళం చెడగొడతామని. ఉత్తరాలు కూడా రాసుకుంటున్నారు, గ్రంథాలయం చిరునామాకి. నేను కార్డుని అనుమానించాను, గొళ్ళేన్ని అనుమానించాను, నిన్ను అనుమానించాను. పొగ రోజు కాకపోయినా పిల్ల రోజూ గ్రంథాలయానికి వెళ్తుంటే, చదువుకుంటోందని మురిసిపోయాను.

మెట్ల మధ్య ఎక్కడ ఆగాల్సి వస్తుందని అతను అడిగాడుట. అఖిల గ్రంథాలయం మేడ మెట్లు రెండు మూడు రోజులు ఎక్కి, లెక్కపెట్టి, పదకొండో మెట్టు దగ్గరని రాసిందిట. గూళ్ళు సీసాలకని రాశాను నేను. ఒకటి అతని మందుకి, ఒకటి దీని మందుకి.

చీరాల డాక్టరుని కూడా కలిశాను. ఇద్దరికీ ఉన్నంత మాత్రాన భయపడాల్సిందేమీ లేదనీ, ఒకరి అవసరం ఒకరికి తెలియడమే మంచిదనీ అన్నాడు. నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆదివారం వస్తున్నాను. తాంబూలాలు తీసుకురావడం లేదు. యలమందయ్య గారి ఎదురుగా కూర్చుని అఖిల సంగతి నేనే చెబుతాను. ఆయన తన కొడుకు సంగతి చెబితే వింటాను, చెప్పకపోతే అడగను. నువ్వు ఒట్టు తప్పిన మాట నా నోట రాదు. ఒకవేళ ఆయన ఒంగోలు వాళ్ళలాగే లేచి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అదీ ఆలోచించాను. అయినా చెబుతాను. పెళ్ళి రోజున దిష్టి ఉప్పుతోనే తీయమని అంకమ్మ గారికి చెప్పగలిగితే నాకంతకంటే ఇంకేమీ అక్కర్లేదు.

నీకోసం నిండు పప్పు రెండు కిలోలు కట్టించాను. బావకి చెప్పు, సందులో గేదె సంగతి నేను మరిచిపోనని. ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యక్కర్లేదు.

తమ్ముడు
వెంకటనారాయణ

తా.క. ఆ చప్టా మీద ఆ రోజు నేనొక్కణ్ణే కూర్చున్నాను కాబట్టి నాకు తెలియలేదు. నేను వచ్చేలోగా బావని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చూడు, ఇద్దరికి ఇరుకవుతుందేమో. ఇరుకైతే ఇంకో అరడుగు పెంచమని పీరు మేస్త్రికి నేను చెబుతాను.